క్యాసెట్టు ఆటలు – తాళపు చిక్కులు

పుస్తకమునకు ప్రతి వ్రాయుట శ్రమతో కూడిన పని. క్యాసెట్టునకో, రెండు టేపు రికార్డర్లును ఒక తీగయును చాలును. 1982లో ఇంగ్లండున సింక్లెయిర్ సంస్థ వెలువరించిన జెడ్.ఎక్స్. స్పెక్ట్రం అను గృహ కంప్యూటరునకు ఆటలు క్యాసెట్టులపైననే వచ్చెడివి. బడిపిల్లలు వానిని ప్రతులు తీసి పంచుకొనిరి, ప్రచురణకర్తలు దిగులుపడిరి.

1984 నాటి 'జెట్ సెట్ విల్లీ' ఆటతో రంగుల గడులు గల యొక కార్డును జతపరచిరి. తెర అడిగిన గడిలోని రంగులను వరుసగా తెలిపిననే గాని ఆట సాగదు. నాటి నలుపు తెలుపు ఫొటోకాపీ యంత్రములు రంగులను ప్రతి తీయజాలవు గదా! అయితే, వర్ణాంధత గల కొనుగోలుదారు మాట నెవరు తలచిరి?

1985లో స్పెక్ట్రంపై వచ్చిన 'ఎలీట్' కథ మరింత విచిత్రము. పెట్టెలో 'లెన్స్‌లాక్' అను ప్లాస్టిక్ పట్టకము నుంచిరి. తెరపై చీలికలుగా కనబడు అక్షరములను దాని గుండా చదివి టైపు చేయవలెను. ఆ రోజులలో తెర యనగా ఇంటి టెలివిజనే. అది మరీ పెద్దదైనను, మరీ చిన్నదైనను అక్షరములు కుదిరెడివి కావు. కొన్ని పెట్టెలలో పట్టకమే పొరపాటున వేరొకటి చేరెను. ధర చెల్లించినవాడు ఒంటికన్ను మూసికొని తెరముందు కూర్చుండగా, తాళము తొలగించిన దొంగప్రతి గలవాడు హాయిగా నక్షత్రముల నడుమ వర్తకము సాగించుచుండెను.

1986లో ఆమ్‌స్ట్రాడ్ సంస్థ సింక్లెయిర్ వారి కంప్యూటరు వ్యాపారమును కొనెను. 1987లో వెలువడిన ప్లస్ త్రీ నమూనాలో లోపలి యేర్పాట్లు మారుటచే, పాత యంత్రపు సూక్ష్మలక్షణములను నమ్మి వ్రాసిన ఆటలు కొన్ని దానిపై నడువకపోయెను. వానిని కొన్నవారి దోషమేమియు లేదు. నేడు పాత యంత్రమును అనుకరించు ప్రోగ్రాములపై విల్లీ అసలు టేపును ఆడగోరువారు ఆ రంగుల కార్డు చిత్రమును గూడ వెదకి దగ్గర నుంచుకొనవలసియే యున్నది.