ఒక విజ్ఞానసర్వస్వ వ్యాసాన్ని సరిదిద్దుట
హైదరాబాదు శిలలు – వాటి రక్షణ సంఘం

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు వద్ద నిలిచి నైరుతి దిక్కుగా చూస్తే మక్కామసీదు కనిపిస్తుంది. కుతుబ్‌షాహీల కాలంలో, 17వ శతాబ్దపు ఆరంభ దశకాలలో మొదలైన ఈ కట్టడం 1694లో ఔరంగజేబు నాటికి గాని పూర్తి కాలేదు. ఆ శతాబ్దపు మధ్యకాలంలో గోలకొండ రాజ్యానికి వచ్చిన టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు, పని సాగుతున్న ఈ మసీదును చూచి ఒక సంగతి వ్రాసినాడు. ప్రార్థన గూటికి వాడిన ఒక్క రాతిని తొలిచి తీయుటకు ఐదారువందల మంది ఐదేండ్లు పనిచేసినారట. దానిని లాగుటకు 1,400 ఎద్దులు కావలసివచ్చినవట. అతడు విన్న లెక్కలో కొంత అతిశయం ఉన్నా ఉండవచ్చును. కాని రాయి మాత్రం ఎదుట ఉన్నది. అది ఈ నేలలో పుట్టిన గ్రానైటు, అనగా కణశిల.

చార్మినారు నుండి దక్షిణంగా షాలిబండ, అలియాబాదుల మీదుగా పోతే ఫలక్‌నుమా ప్రాసాదం గుట్ట మీద కనిపిస్తుంది. ఇంకా ముందుకు పోతే చాంద్రాయణగుట్ట. పడమటి వైపున మీర్ ఆలం చెరువు, దాని ప్రక్కన 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాల. ఈ దారిలో చాలాచోట్ల ఇండ్ల నడుమ నుండి బండరాళ్లు ఇంకా తలయెత్తి చూస్తుంటవి. ఇండ్లు దట్టంగా లేచిన చోట గుట్ట ఊరి పేరులోనే మిగిలిపోయినది.

ఈ శిలలను కాపాడుటకు హైదరాబాదులో 1996లో ఒక స్వచ్ఛంద సంఘం ఏర్పడినది. దాని పేరు ‘సొసైటీ టు సేవ్ రాక్స్’. తెలుగులో శిలారక్షణ సంఘం అనవచ్చును. ఇటువంటి సంఘాన్ని గూర్చి ఒక విజ్ఞానసర్వస్వంలో వ్యాసం వ్రాయవలసివస్తే ఎట్లు వ్రాయవలెను? వ్రాసినదానిని ఎట్లు సరిదిద్దవలెను? ఈ ప్రశ్న పండితులకే పరిమితమైనది కాదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమైన తరువాత, ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ సర్వస్వ రచయిత కాగల కాలం వచ్చినది.

మన సర్వస్వ సంప్రదాయం

తెలుగులో ఈ పనికి హైదరాబాదుతో పాత సంబంధం ఉన్నది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు (1877–1923) తమ మిత్రులతో కలిసి 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినది ఈ నగరంలోనే. మండలి పిమ్మట మద్రాసుకు తరలిపోయినది. లక్ష్మణరావు గారు అక్కడ ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ను తలపెట్టి మూడు సంపుటాలు వెలువరించినారు, అక్షరమాల తొలిభాగం దాటకముందే కన్నుమూసినారు. ఆ పనిని తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు అందుకొన్నారు. 1958 నుండి హైదరాబాదులోనే ‘సంగ్రహ ఆంధ్ర విజ్ఞానకోశము’ సంపుటాలుగా వెలువడినది.

ఆ పెద్దలకు ఒక ఇబ్బంది ఉండెను: అచ్చయిన సంపుటంలోని తప్పును దిద్దుటకు మరియొక ముద్రణ కావలెను. మనకు ఆ ఇబ్బంది లేదు. కాని దిద్దుట సులభమైనంత మాత్రాన సరిగా దిద్దుట సులభం కాలేదు.

ఒక నమూనా

ఒక విద్యార్థి ఈ విధంగా వ్రాసినాడనుకొందాము:

“హైదరాబాదు శిలారక్షణ సంఘం ఒక గొప్ప సేవాసంస్థ. ఇది ప్రపంచంలోకెల్ల పురాతనమైన శిలలను కాపాడుచున్నది. ఈ సంఘం తన స్థలాలలోని శిలలను పరిరక్షిస్తుంది. దీని కృషివల్ల నగరంలోని శిలలన్నీ 13వ నిబంధన కింద చట్టరక్షణలో ఉన్నవి.”

వాక్యాలు నాలుగు. భాషలో దోషం లేదు. ఉద్దేశం మంచిది. అయినా ప్రతి వాక్యంలోను ఒక లోపం ఉన్నది. వాటిని ఒకటొకటిగా చూతము.

మొదటి లోపం: పొగడ్త

‘గొప్ప’ అనే మాట వ్రాసినవాని అభిప్రాయం. సర్వస్వం చదువరికి అభిప్రాయం కాదు, అభిప్రాయం ఏర్పరచుకొనుటకు ఆధారం కావలెను. సంఘం ఎప్పుడు ఏర్పడినది, ఏ పని చేసినది అన్నవి ఆ ఆధారాలు. శిలలున్న చోట్లకు నెలనెలా పౌరులను నడిపించుకొనిపోయి చూపుట, ఛాయాచిత్ర ప్రదర్శనలు జరుపుట, కాపాడదగిన శిలలను ప్రభుత్వం వారసత్వ పట్టికలో చేర్చునట్లు పాటుపడుట – ఇవి దాని పనులు. హైదరాబాదు చరిత్రకారుడుగా పేరుపొందిన నరేంద్ర లూథర్ (1932–2021) దీనికి చిరకాలం అధ్యక్షుడుగా ఉండి, ఈ శిలల పైన ‘రాక్యుమెంటరీ’ అనే చిత్రాన్ని తీసినారు. ఇవి చెప్పిన పిమ్మట ‘గొప్ప’ అనవలసిన పని లేదు.

రెండవ లోపం: పరీక్షించని విజ్ఞానం

హైదరాబాదు గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఇది చాలా పెద్ద సంఖ్యయే. కాని కెనడాలోని అకాస్టా శిలల వయస్సు 400 కోట్ల సంవత్సరాలు. కనుక ‘ప్రపంచంలోకెల్ల పురాతనం’ అనుట పొరపాటు. నిజానికి మన శిలల విశేషం వయస్సులో కంటె ఆకృతిలో ఎక్కువగా ఉన్నది. ఒకదానిపై ఒకటి పేర్చినట్లు నిలిచిన ఈ గుండ్లను ఎవరు పేర్చినారు?

ఎవరూ పేర్చలేదు. భూగర్భంలో చాల లోతున కరిగియున్న ద్రవ్యం మెల్లగా చల్లారి, క్వార్ట్జు, ఫెల్డ్‌స్పారు, అభ్రకం మొదలైన ఖనిజాల రవ్వలతో గట్టిపడి గ్రానైటు అయినది. పైనున్న పొరలు కోట్ల సంవత్సరాలలో కోసుకొనిపోయినవి. మీది బరువు తగ్గగా రాయి వ్యాకోచించి అడ్డంగాను నిలువుగాను బీటలు వారినది. పెద్ద పెద్ద ఇటుకల వలె విడివడినది. వాననీరు ఆ బీటలలోనికి దిగి ఫెల్డ్‌స్పారును మెత్తని మట్టిగా మార్చినది. ఇక్కడ చిన్న లెక్క ఉన్నది. ఇటుక వంటి రాతికి ముఖం మీద ఒక ప్రక్క నుండియే నీరు తగులుతుంది. అంచున రెండు ప్రక్కల నుండి. మూలన మూడు ప్రక్కల నుండి. కనుక మూలలు ముందు అరుగుతవి, అంచులు తరువాత. చివరకు ఇటుక గుండు అవుతుంది. నలిగిన భాగమే మనం మొరం అని పిలిచేది. ఆ మొరం వానలకు కొట్టుకొనిపోగా గుండ్లు మాత్రం ఉన్నచోటనే ఒకదానిపై ఒకటి నిలిచిపోయినవి. అనగా అవి పైనుండి వచ్చి పడినవి కావు; చుట్టునున్నది తొలగిపోగా మిగిలినవి.

దీనినిబట్టి కాపాడుట ఎందుకో కూడ తెలుస్తుంది. నరికిన చెట్టు స్థానంలో మరొకటి నాటవచ్చును. పూడిన చెరువును త్రవ్వవచ్చును. కంకరగా మారిన గుండును తిరిగి గుండుగా చేయుటకు ఉపాయం లేదు.

మూడవ లోపం: సంఘం స్వరూపం

భూమిని కాపాడే సంస్థలు రెండు విధాలు. భూమిని కొని గాని, దానంగా పొంది గాని, తామే యజమానులై కాపాడేవి ఒక విధం. ఇంగ్లండులో 1895లో ఏర్పడిన నేషనల్ ట్రస్టు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్స్‌లీ అనువారు దాని స్థాపకులు. దానికి మొదట లభించినది వేల్స్‌లో సముద్రతీరాన ఉన్న దినాస్ ఒలై అనే కొండభూమి, నాలుగున్నర ఎకరాలు. అది ఒక మహిళ ఇచ్చిన దానం. 1907లో బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టం ఆ ట్రస్టుకు తన భూములను అన్యాక్రాంతం కానివిగా ప్రకటించే అధికారం ఇచ్చినది.

రెండవ విధం సంఘాలు భూమికి యజమానులు కావు. ప్రజలకు తెలియజెప్పి, ప్రభుత్వానికి విన్నవించి, అవసరమైతే న్యాయస్థానానికి పోయి, ఇతరుల చేతిలోని భూమిని కాపాడింపజేస్తవి. హైదరాబాదు సంఘం ఈ రెండవ కోవలోనిది. ‘తన స్థలాలలోని శిలలు’ అని వ్రాస్తే చదువరి దీనిని మొదటి కోవలో చేరుస్తాడు. ఆ గుండ్లకు ఒక కాపరి ఉన్నాడని నిశ్చింతగా ఉంటాడు. నిజానికి ఆ భూమి యజమాని, దానిపై అనుమతులిచ్చే కార్యాలయం, గమనిస్తూ ఉండే పౌరుడు – ఈ ముగ్గురి మీదనే శిల ఆయుర్దాయం ఆధారపడి ఉన్నది.

నాల్గవ లోపం: కాలం

ఇది అన్నిటికంటె పెద్దది. హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ 1981 నాటి నిబంధనలకు 1995లో 13వ నిబంధన చేరినది. వారసత్వ కట్టడాలకు రక్షణ కల్పించిన నిబంధన అది. ఆ పట్టికలోనే తరువాత తొమ్మిది శిలా స్థలాలు కూడ చేరినవి. మనిషి కట్టని వాటిని కట్టడాలతో సమంగా గుర్తించుట విశేషం. ‘నగరంలోని శిలలన్నీ’ కాదు, తొమ్మిది స్థలాలు మాత్రమే.

పైగా 2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 13వ నిబంధనను తొలగించినది. 2017లో వారసత్వ పరిరక్షణకు కొత్త చట్టం వచ్చినది. 2019లో ఇర్రం మంజిల్ ప్రాసాదాన్ని కూల్చి శాసనసభా భవనం కట్టవలెనన్న నిర్ణయం హైకోర్టుకు పోగా, కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసినది. అనగా వారసత్వ రక్షణ చర్చ ముగియలేదు; కాని 13వ నిబంధన ఇక లేదు. కనుక ‘13వ నిబంధన కింద రక్షణలో ఉన్నవి’ అని వర్తమాన కాలంలో వ్రాయుట తప్పు. 2014లో వ్రాసి ఉంటే ఆ వాక్యం కొంత నిజం. ఎవరూ దిద్దకపోతే రెండేండ్లలో అదే అబద్ధమైనది. సర్వస్వంలోని వర్తమాన క్రియ ఎప్పుడును ప్రమాదకరమైనది. సంవత్సరం లేని ‘ఉన్నది’ని అనుమానించవలెను.

ఈ అనుమానం వ్యాకరణానికి సంబంధించినది మాత్రమే కాదు. ఆ తొమ్మిదింటిలో ఒకటైన పుట్టగొడుగు శిల హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంతంలోనిది. 2025 మార్చి నెలాఖరున విశ్వవిద్యాలయాన్ని ఆనుకొనియున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల భూమిలో యంత్రాలతో చెట్లు తొలగించినపుడు విద్యార్థులు అడ్డుపడినారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు నిలుపవలసినదిగా ఆజ్ఞాపించినది. అటువంటి దినాన ఎవడైనా సర్వస్వం తెరచి ‘చట్టరక్షణలో ఉన్నవి’ అని చదివితే, భయపడనక్కరలేదని పుస్తకం మూసివేస్తాడు. తప్పు వాక్యం వల్ల నష్టం ఇటువంటిది.

పట్టికలో లేనివి

తొమ్మిది స్థలాల పేర్లను పటం మీద గుర్తిస్తే మరొక సంగతి తెలుస్తుంది. జూబ్లీహిల్స్, దుర్గంచెరువు, శిల్పారామం, హుస్సేన్ షా వలీ దర్గా దగ్గరి పాత బొంబాయి రోడ్డు – ఎక్కువ భాగం నగరానికి పడమర. ఈశాన్యాన మౌలాలి దగ్గర ఒకటి. పాతబస్తీలో ఒక్కటియు లేదు. పాతబస్తీలో శిలలు లేవని దీని అర్థం కాదు. అక్కడి గుట్టలు నాలుగు శతాబ్దాల ఊరికి దగ్గరవి కనుక ముందుగానే రాయి అయి, గోడ అయి, పునాది అయినవి. పడమటి శిలలు ఊరికి దూరంగా ఉండుటచేత మొన్నటిదాకా నిలిచినవి. పట్టిక ఉన్నవాటిని చెప్పుతుంది, పోయినవాటిని చెప్పదు. ఆ లోటును వ్యాసం తీర్చవలెను.

దిద్దిన రూపం

ఇప్పుడు మన విద్యార్థి వాక్యాలను ఇట్లు మార్చవచ్చును:

“సొసైటీ టు సేవ్ రాక్స్ హైదరాబాదులో 1996లో ఏర్పడిన స్వచ్ఛంద సంఘం. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిలారూపాలను కాపాడవలెనని ఇది ప్రచారం చేసినది. భూమిని కొని కాపాడుట దీని పద్ధతి కాదు. 1995లో వచ్చిన 13వ నిబంధన కింద తొమ్మిది శిలా స్థలాలు వారసత్వ పట్టికకెక్కినవి; ఆ నిబంధన 2015లో తొలగింపబడినది.”

ఇందులో పొగడ్త లేదు. అయినా దీనిని చదివినవాడు తప్పక మరొక ప్రశ్న అడుగుతాడు: “అయితే ఇప్పుడు ఆ తొమ్మిది ఎట్లున్నవి?” ఆ ప్రశ్న పుట్టించినంతనే వ్యాసం తన పని చేసినట్లు.

జవాబు పుస్తకాలలో పూర్తిగా దొరకదు, పోయి చూడవలెను. పాతబస్తీ పాఠశాలల ఉపాధ్యాయులు ఒక సెలవు దినాన విద్యార్థులను వెంటబెట్టుకొని, పెద్దల అనుమతితో తమ పేటలో మిగిలిన గుండ్లను లెక్కపెట్టవచ్చును. ప్రతిదానికి నాలుగు విషయాలు వ్రాసుకొంటే చాలును: ఎక్కడ ఉన్నది, ఎంత ఎత్తు, బీటలు ఎట్లు పోయినవి, చూచిన తేదీ. ఛాయాచిత్రం ఉంటే మరీ మంచిది. పేటలోని వృద్ధులను అడిగితే లేకపోయిన గుట్టలు కూడ కొన్ని ఆ జాబితాలో చేరుతవి. అవి విన్నవని వేరుగా వ్రాయవలెను. తేదీ మాత్రం మరువరాదు. పదేండ్ల తరువాత మరొక తరగతి అదే దారిన నడిచి, ఏది ఉన్నదో ఏది పోయినదో ఆ తేదీని బట్టియే చెప్పగలుగుతుంది.