యోకొహామా రేవు: రెండు వేల యెన్లలో ఒక రోజు

మన సంఘ సభ్యులలో పలువురి బిడ్డలు ఇప్పుడు విదేశాలలో ఉద్యోగాలు చేస్తున్నారు. అమెరికా మాట ఎప్పటినుంచో ఉన్నదే. జపాన్ వెళ్ళినవారు కూడా మనలో కొందరి ఇళ్ళలో ఉన్నారు. వారి దగ్గర నెలో రెండు నెలలో ఉండి వచ్చే పెద్దలకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. వారమంతా పిల్లలు ఆఫీసుకు పోతారు. మనకు భాష రాదు, ఊరు తెలియదు. శనివారం వచ్చేసరికి వాళ్ళు అలసిపోయి ఉంటారు. ఎక్కడికైనా తీసుకువెళ్ళమని అడగడానికి మనకు నోరు రాదు. అడిగితే వేలకు వేలు ఖర్చు చేసి తిప్పుతారు, అది చూస్తూ కూర్చోవడం ఇంకా కష్టం. ముప్పై ముప్పై అయిదేళ్ళు సొంత జీతంతో సంసారం ఈదిన మనిషికి ప్రతి చిన్న ఖర్చుకూ కొడుకు జేబు వైపు చూడవలసి రావడం చిన్న బాధ కాదు.

అటువంటి మిత్రుల కోసమే ఈ వ్యాసం. టోక్యోలో ఉన్నవారు మన పింఛను డబ్బుతోనే, ఎవరి సాయమూ లేకుండా, ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరగల చోటు యోకొహామా రేవు. పైగా అక్కడ టికెట్టు లేకుండా చూడగలిగిన చోట్లలోనే ఆ నగరం అసలు చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో మన దేశస్థుల పేజీ కూడా ఒకటి ఉన్నది.

ఫైలులో ఒక ఊరు, అమలులో ఒక ఊరు

రెండు వందల సంవత్సరాలకు పైగా జపాన్ తన తలుపులు దాదాపు మూసుకుని కూర్చుంది. నాగసాకి దగ్గర డచ్చివారికీ చైనావారికీ మాత్రం కొద్దిపాటి వర్తకానికి అనుమతి ఉండేది. 1853లో అమెరికా నౌకాధికారి పెర్రీ యుద్ధనౌకలతో వచ్చి తలుపు తట్టాడు. మరుసటి ఏడు మళ్ళీ వచ్చాడు. 1854 మార్చి 31న ఈ యోకొహామా ఒడ్డునే ఒడంబడిక మీద సంతకాలయ్యాయి. అప్పటికి ఇది దాదాపు వంద గడపల జాలరిపల్లె మాత్రమే.

1858 నాటి మరో ఒడంబడికలో విదేశీ వర్తకానికి తెరవవలసిన రేవు పేరు ‘కనగావా’ అని రాశారు. కనగావా రాజధానికి పోయే రాజమార్గం మీద ఉన్న ఊరు. పరదేశీయులు ఆ దారిలో తిరగడం షోగను ప్రభుత్వానికి ఇష్టం లేదు. అందుకని, యోకొహామా కూడా కనగావాలో భాగమేనని చెప్పి, 1859లో ఎదురొడ్డున ఉన్న ఈ జాలరిపల్లెలో రేవు కట్టి అప్పగించారు. ఆఫీసు పనిలో జీవితం గడిపిన మనకు ఇది కొత్త సంగతి కాదు. ఆర్డరులో ఒకటి ఉంటుంది, అమలయ్యేది మరొకటి. అయితే ఆ సర్దుబాటు వల్లనే ఈ మహానగరం పుట్టింది. విదేశీయుల పేట చుట్టూ కాలువలు తవ్వి, వంతెనల దగ్గర కాపలా గేట్లు పెట్టారు. గేటు లోపలి భాగానికి ‘కన్నాయి’ అని పేరు. ఇప్పటికీ అక్కడి రైల్వే స్టేషను పేరు అదే.

ఆ రేవును పెంచి పోషించింది పట్టు. 1860ల నాటికి ఫ్రాన్సు, ఇటలీ దేశాలలో పట్టుపురుగులకు తెగులు సోకింది. అక్కడి మగ్గాలకు ముడిపట్టు కరువైంది. జపాన్ పట్టుకు గిరాకీ వచ్చింది. 1909 నాటికి ముడిపట్టు ఎగుమతిలో జపాన్ చైనాను దాటి మొదటి స్థానానికి చేరింది. పల్లెల్లో ఆడవాళ్ళు పురుగులను సాకి, దారం తీసి పంపిన ఆ పట్టు ఈ రేవునుంచే ఓడలెక్కింది. ఆ దేశానికి యంత్రాలు కొనడానికి కావలసిన విదేశీ సొమ్ములో పెద్ద భాగం అలా వచ్చినదే.

నడక దారి

టోక్యో స్టేషనులో లేత నీలిరంగు చారలున్న కీహిన్-తొహోకు లైను బండి ఎక్కితే బండి మారకుండా ముప్పావుగంట లోపలే సకురాగిచో స్టేషనులో దిగవచ్చు. టికెట్టు సుమారు 600 యెన్లు. ఉదయం తొమ్మిదిన్నర దాటాక బయలుదేరితే రద్దీ తగ్గి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

దిగిన చోటే చరిత్ర మొదలవుతుంది. జపాన్‌లో మొట్టమొదటి రైలు 1872లో టోక్యోలోని షింబాషి నుంచి యోకొహామాకు నడిచింది. దూరం 29 కిలోమీటర్లు. నాటి యోకొహామా స్టేషను ఈ సకురాగిచో స్థలమే. మన దేశంలో బొంబాయి-ఠాణా రైలు 1853లోనే నడిచిందని గుర్తు చేసుకుంటే, 19 ఏళ్ళు వెనుక మొదలుపెట్టినవారు ఎంత దూరం వెళ్ళారో తెలుస్తుంది. ఆ తొలినాళ్ళ ఇంగ్లీషు ఇంజన్లలో ఒకటి, 110 నంబరుది, స్టేషను పక్క భవనంలో నిలబెట్టి ఉంచారు. చూడడానికి డబ్బు అక్కరలేదు.

అక్కడినుంచి పాత గూడ్సు లైను మీదుగా వేసిన కాలిబాట నీటి మీదుగా సాగి ఎర్ర ఇటుకల గిడ్డంగులకు చేరుస్తుంది. ఇవి 1911, 1913 సంవత్సరాలలో పూర్తయిన కస్టమ్సు గోడౌన్లు. 1989 వరకు అదే పనికి వాడారు. 2002 నుంచి దుకాణాలు నడుస్తున్నాయి. కొనవలసిన పని లేదు, గోడలు చూసి ముందుకు సాగవచ్చు.

తరువాత వచ్చే చిన్న పార్కు పేరు ‘జో-నో-హనా’. అంటే ఏనుగు ముక్కు, మన మాటలో తొండం. 1859లో కట్టిన రాతి గట్టును 1867లో తొండంలాగా వంకర తిప్పి పొడిగించారు. అలలు తగలకుండా చిన్న పడవలు సరుకు దించుకునేవి. యోకొహామా రేవు పుట్టిన చోటు ఇదే. పక్కనే ఓసన్‌బాషి అనే పెద్ద ఓడల వంతెన ఉన్నది. 1894లో ఇనుపవంతెనగా మొదలైంది, ఇప్పటి కట్టడం 2002 నాటిది. దాని కప్పు మొత్తం చెక్క పరిచిన మైదానం. మెట్లు లేవు, అంతా వాలుదారి, కనుక మోకాళ్ళ నొప్పులవారు కూడా నిదానంగా పైకి వెళ్ళవచ్చు. ప్రవేశం ఉచితం. రేవు అంతా ఒక్క చూపులో కనబడుతుంది.

ఆ ఇనుపవంతెన ఇంకా పూర్తికాని రోజులలోనే, 1893 జూలైలో, స్వామి వివేకానంద ఈ రేవునుంచి చికాగో సర్వమత మహాసభకు ఓడ ఎక్కారు. బయలుదేరేముందు జూలై 10న యోకొహామాలోని ఓరియంటల్ హోటలునుంచి మద్రాసు మిత్రులకు ఉత్తరం రాశారు. జపాన్ వాళ్ళ శుభ్రతను, పట్టుదలను మెచ్చుకుని, మన యువకులు ఈ దేశం వచ్చి చూడాలని అందులో కోరారు. ఆ ప్రయాణంలో జంషెట్జీ టాటా కూడా ఆయన తోటి ప్రయాణికుడు. అయిదేళ్ళ తరువాత వివేకానందకు రాసిన ఉత్తరంలో టాటా ఆ సంగతి గుర్తు చేశారు.

ఓసన్‌బాషికి ఎదురుగా యోకొహామా చరిత్ర భాండాగారం ఉన్నది. ప్రవేశం 200 యెన్లు. 1931లో బ్రిటిషు కాన్సులేటుగా కట్టిన భవనం ఇది. దాని పెరట్లో ఒక చెట్టు ఉన్నది. 1854 ఒడంబడిక ఆ దరిదాపుల్లోనే జరిగింది. 1923 మంటల్లో ఆ చెట్టు కాలిపోయి, తరువాత వేరునుంచి మళ్ళీ చిగిర్చింది. లోపలి పటాలకంటె ముందు ఆ చెట్టును చూడమని నా సలహా.

శిథిలాల మీద పార్కు, మనవారి చలివేంద్రం

1923 సెప్టెంబరు 1, మధ్యాహ్నం 12 గంటలకు రెండు నిమిషాల ముందు మహా భూకంపం వచ్చింది. ఇళ్ళల్లో వంటపొయ్యిలు వెలుగుతున్న వేళ. ఇళ్ళు కూలడంతో పాటు నిప్పంటుకుంది. ఒక్క యోకొహామా నగరంలోనే ఇరవై వేలకు పైగా జనం చనిపోయారు. పట్టు గిడ్డంగులు, బ్యాంకులు, కాన్సులేట్లు అన్నీ పోయాయి.

కూలిన ఊరి మట్టి, ఇటుకలు, రాళ్ళు ఎక్కడ పోయాలి? సముద్రంలో పోశారు. అలా పూడ్చిన నేల మీద 1930లో యమషితా పార్కు తెరిచారు. ఈనాడు గులాబీల మధ్య జనం విహరించే ఆ పచ్చిక కింద ఉన్నది ఆ ఊరి శిథిలాలే.

భూకంపానికి ముందు యోకొహామాలో భారతీయ వర్తకులు, ముఖ్యంగా సింధీలు, పట్టుబట్టల ఎగుమతి చేసేవారు. వారిలోనూ కొందరు ఆ ప్రమాదంలో మరణించారు. మిగిలినవారిలో చాలామంది కోబే నగరానికి తరలిపోయారు. వారి వెంట వర్తకం కూడా కోబేకు పోతుందని యోకొహామా భయపడింది. నగరం వారికి ఇళ్ళూ దుకాణాలూ ఏర్పాటు చేసి తిరిగి రమ్మన్నది. స్వార్థం లేదని అనలేము. కానీ తమ ఊరే బూడిదై ఉన్న సమయంలో పరదేశీయులకు నీడ కల్పించడం సామాన్యమైన సంగతి కాదు. చాలామంది తిరిగివచ్చారు.

చనిపోయిన తమవారి స్మృతికీ, ఆదరించిన ఊరిపట్ల కృతజ్ఞతకూ గుర్తుగా ఆ భారతీయులు 1939లో యమషితా పార్కులో మన దేశపు పద్ధతి గుమ్మటంతో ఒక మంటపం కట్టించి నగరానికి ఇచ్చారు. మంచినీటి ధార కోసం కట్టిన మంటపం అది. లోకప్పు నిండా రంగురాళ్ళ పనితనం ఉంటుంది. జపనీయులు దానిని ‘ఇందో సుయితో’, అంటే ఇండియా నీటి బురుజు, అంటారు. పోయినవారి పేరిట చలివేంద్రం పెట్టడం మన ఊళ్ళలో ఉన్న ఆచారమే. సముద్రాలు దాటి వెళ్ళినా మనవారికి దుఃఖంలో తోచింది అదే పుణ్యకార్యం. సెప్టెంబరు 1న అక్కడ స్మారక కార్యక్రమం జరపడం ఆనవాయితీ. దానికి టికెట్టు లేదు, గేటు లేదు. మన పెద్దలు కొందరు ఆ పార్కుకు వెళ్ళి కూడా పక్కనుంచే నడిచి వచ్చేస్తారు. ఈ వ్యాసం చదివినవారైనా అక్కడ రెండు నిమిషాలు నిలబడాలి.

పార్కు అంచున లంగరు వేసి ఉన్న ‘హికావా మారు’ 1930లో ప్రయాణాలు మొదలుపెట్టిన ప్రయాణికుల ఓడ. యోకొహామా-సియాటిల్ మధ్య తిరిగింది. 1932లో చార్లీ చాప్లిన్ ఇందులో ప్రయాణించాడు. యుద్ధకాలంలో ఆసుపత్రి ఓడగా పనిచేసి, మూడుసార్లు మందుపాతరలు తగిలినా మునగలేదు. 1960లో విశ్రాంతి తీసుకున్నది. మన భాషలో రిటైరైంది. దీని యజమాని ఎన్.వై.కె. కంపెనీకి మన దేశంతో పాత సంబంధం ఉన్నది. 1893లో బొంబాయి పత్తి రవాణాపై పి. అండ్ ఓ. అనే ఆంగ్లేయ కంపెనీ గుత్తాధిపత్యాన్ని ఎదిరించి, జంషెట్జీ టాటాతో చేయికలిపి బొంబాయి-కోబే ఓడల మార్గం ప్రారంభించింది ఈ కంపెనీయే. ఓడ చూడడానికి 300 యెన్లు, 65 దాటినవారికి 200. వయసు రుజువుకు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవాలి.

1945 మే 29న పట్టపగలు అమెరికా విమానాలు ఈ నగరం మీద బాంబులు కురిపించాయి. ఇరవై రెండేళ్ళలో రెండవసారి ఊరు బూడిదైంది. మళ్ళీ కట్టుకున్నారు. 1965లో బొంబాయి, యోకొహామా సోదర నగరాలయ్యాయి.

ఓపిక ఉన్నవారు పార్కు చివర మోతోమాచి-చూకాగాయి స్టేషనుకు వెళ్తే, అక్కడి లిఫ్టులోనే కొండమీది అమెరికాయమా పార్కుకు చేరవచ్చు. పక్కనే విదేశీయుల శ్మశానం. జపాన్ తొలి రైలుమార్గం వేయించిన ఇంగ్లీషు ఇంజనీరు ఎడ్మండ్ మోరెల్ సమాధి అందులో ఉన్నది. బండి నడిచిన రోజు చూడకుండానే 1871లో పోయాడు. దిగివచ్చి, మోతోమాచి వీధి వెంట నడిస్తే ఇషికావాచో స్టేషను వస్తుంది. వచ్చిన లైనులోనే తిరుగు ప్రయాణం.

ఖర్చుల పట్టిక

రైలు రానుపోను 1,200 యెన్లు, చరిత్ర భాండాగారం 200, ఓడ 200, దారిలో టీ, కాఫీలకు 300. మొత్తం 1,900 యెన్లు. మన డబ్బులో వెయ్యి రూపాయలకు కొంచెం పైన. ధరలు మారుతుంటాయి కనుక బయలుదేరేముందు పిల్లల చేత ఒకసారి సరిచూపించుకోవాలి.

భోజనం ఇంటినుంచే తీసుకువెళ్ళడం మంచిది. శాకాహారులకు అక్కడి హోటళ్ళలో చేపల రసం కలవని పదార్థం దొరకడం కష్టం. పులిహోర, పెరుగన్నం పొట్లాలు యమషితా పార్కు బెంచీ మీద కూర్చుని తినవచ్చు. చెత్తకుండీలు అరుదు కనుక ఖాళీ పొట్లాలు సంచిలో వేసుకుని ఇంటికి తేవాలి. కుళాయి నీరు నిర్భయంగా తాగవచ్చు. సోమవారం వెళ్ళవద్దు, భాండాగారమూ ఓడా రెండూ మూసి ఉంటాయి. ఏప్రిల్, మే, అక్టోబరు, నవంబరు నెలలు నడకకు అనుకూలం. మొత్తం నడక నాలుగైదు కిలోమీటర్లు. దారి పొడుగునా బెంచీలున్నాయి. పిల్లల చిరునామా, ఫోను నంబరు జపనీసు లిపిలో రాయించుకుని జేబులో ఉంచుకోవాలి. బి.పి., షుగరు మాత్రలు మరువకూడదు.

ఆరోగ్యం సహకరించే సభ్యులు, వీలైతే దంపతులిద్దరూ కలిసి, ఈ ప్రయాణం చేయాలని కోరుతున్నాను. సాయంత్రం పిల్లలు ఆఫీసునుంచి వచ్చేసరికి, వాళ్ళు ఉంటున్న దేశం గురించి వాళ్ళకు తెలియని నాలుగు సంగతులు మనమే చెప్పగలుగుతాము.