ఏలికయు బంటును

క్రీ.శ. 1182 ప్రాంతమున నాగులేటి యొడ్డున, కారెంపూడిలో, పలనాటి దాయాదులు పోరాడిరి. ఇంచుమించుగా ఆ కాలముననే, 1180 మొదలు 1185 వఱకు, జపానులో తైరా, మినమోతో వంశములవారు దేశాధిపత్యమునకై యుద్ధము సలుపుచుండిరి. ఒకరి పేరు నొకరు విని యెఱుగరు. అయినను ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచుకొని చదివినచో స్వామిభక్తి యనుదానిని గూర్చి మన మంతగా విచారింపని సంగతులు కొన్ని పైకి వచ్చును. 1905లో రష్యాపై జపాను గెలిచిన పిమ్మట సమురాయిల కథలను మనవా రెంతో ఆదరముతో చదివిరి. గురజాల, మాచెర్లల బంట్ల కథను మాత్రము కోడిపందెపు తగవని చెప్పి సరిపుచ్చుకొంటిమి.

'సమురాయి' యనగా సేవించువాడని మూలార్థము. మన 'బంటు'ను అట్టి మాటయే. ఏలిక భూమి నిచ్చి కాపాడును. బంటు రణమున ప్రాణ మిచ్చును. 1192లో మినమోతో యొరితోమో 'షోగును' బిరుదమును బడసి కామకురలో నుండి యేలిన యేలుబడికి ఈ యిచ్చిపుచ్చుకొనుటయే పునాది. చక్రవర్తి క్యోటోలో పూజ్యుడై యుండెను. అధికారము వేఱొకరి చేత నుండెను. పలనాటనును చూడుడు: గురజాలలో నలగామరాజు, మాచెర్లలో మలిదేవుడు రాజులు. కాని కథను నడిపినవారు మంత్రులు, ఇటు బ్రహ్మనాయుడు, అటు నాగమ్మ. పందెములో నోడి మాచెర్లవారు ఏడేండ్లు రాజ్యము విడిచిరి. గడువు తీరిన పిమ్మట తమ పాలు తమకిమ్మని యడుగుటకు అలరాజును రాయబారమున కంపిరి. అతడు నలగామరాజునకు స్వయముగా అల్లుడు. తిరిగి వచ్చుచు విషప్రయోగమున మరణించెను. ఆపై యుద్ధము తప్పలేదు.

ఇచ్చట నాగమ్మను గూర్చి యొకమాట చెప్పవలెను. ఆడుది మంత్రియగుటచే రాజ్యము చెడెనని మన యిండ్లలో నేటికిని వినవచ్చును. ఆమె చేసిన పనులలో క్రౌర్యము లేదని నేననను. కాని ఏలికపట్ల తప్పని నిష్ఠయే పరమధర్మమైనచో, నలగామరాజు పక్షమున చివరివఱకు నిలిచిన నాగమ్మకును ఆ కీర్తిలో పాలుండవలదా? కథను పాడినవారు మాచెర్ల వీరులను కొలిచినవారు. గురజాల పక్షమున పాడినవారి పాట మనకు దక్కలేదు. జపానులోను అంతే. 1703లో తమ ప్రభువు పగ తీర్చిన నలువదియేడుగురు బంట్లను లోకము మెచ్చినది. చంపబడిన కిరా ఇంటిలోను, అతనికై కత్తి పట్టి కూలిన బంట్లుండిరి. వారి పేళ్లెవరికి గుర్తున్నవి?

ఇక అసలు విషయమునకు వచ్చెదను. బ్రహ్మనాయుని బలగము జపాను బలగమువంటిది కాదు. 1588లో హిదెయోషి రైతుల యాయుధములను లాగికొనెను. అటుపిమ్మట కత్తి పుట్టుకచే వచ్చు హక్కయ్యెను. మెయిజీ ప్రభుత్వము 1876లో నిషేధించువఱకు ఆ గర్వము తీరలేదు. బ్రహ్మనాయుడో, మాలవాడైన కన్నమదాసును కొడుకుగా చూచుకొని సేనకు ముందు నిలిపెను. బాలచంద్రునితో అన్నదమ్ములవలె పెరిగినవారిలో బ్రాహ్మణుడు, కంసాలి, కుమ్మరి, చాకలి, మంగలి కలరు. అందఱు నొక్క చాపపై కూడు కుడిచిరి. చాపకూడని దానికి పేరు. సహపంక్తి భోజనములకై సంస్కర్తలు చెప్పరాని నిందలు పడిన మన దేశమున, ఏడెనిమిది వందల యేండ్లకు పూర్వపు వీరుల కథలో ఈ మాట యుండుట సామాన్యము కాదు.

అయితే ఆ చాపకును ఒక యంచు కలదు. బాలచంద్రుడు యుద్ధమునకు పోవుచు, తన తోడివాడగు బ్రాహ్మణుడు అనపోతును ఒక మిషపై వెనుకకు పంపెను. కారణమేమి? అతడు రణమున చచ్చినచో బ్రహ్మహత్యాదోషము తనకంటునని భయము. మోసము తెలిసికొని అనపోతు అక్కడనే ప్రాణము తీసికొనెను. తోడివారు కూడిక తినుటకు కులము అడ్డురాలేదు, కూడిక చచ్చుటకు మాత్రము అడ్డువచ్చెను. ఏ దోషమునకు వెఱచి పంపెనో ఆ చావే వచ్చినది. జపానులో ఏలికతోపాటు బంట్లు ప్రాణము విడుచు నాచార ముండెను. షోగును ప్రభుత్వమే 1663లో దానిని నిషేధించెను. అనపోతు చావు దానికి దగ్గఱ చుట్టము. కాని అతడు ఏలికకై చావలేదు, తన్ను వేఱుచేసిన యవమానమునకు చచ్చెను. పలనాటి కథలో నాకీ ఘట్టముకంటె దుఃఖకరమైనది లేదు, మాంచాల వీడ్కోలుతో సహా.

తండ్రి సంధికి మొగ్గినను బాలచంద్రుడు ఒప్పక రణమునకు దూకి మడిసెను. అంతయు ముగిసిన పిమ్మట బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలము చేరెనని చెప్పుదురు. 1184లో ఇచినొతని పోరున కుమగయి యను బంటు, తన కొడుకు యీడువాడగు అత్సుమోరి తల నఱకవలసి వచ్చి, ఆ వేదనచే తుదకు సన్యాసియయ్యెనని జపాను కథ. దానిని వీణవంటి బీవా మీటుచు అంధగాయకులు ఊరూర పాడిరి. మన కథను పిచ్చుకుంట్లవారును, మాల విద్యావంతులును పాడిరి. శ్రీనాథునిదని చెప్పబడు ద్విపద 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారి పరిష్కరణమున అచ్చెక్కువఱకు చదువుకొన్నవారిలో దాని నెఱిగినవా రరుదు. కథను బ్రతికించినది వారి గొంతులే.

కారెంపూడి వీరుల గుడియొద్ద ఏటేట కార్తికామావాస్య మొదలు ఐదు దినము లుత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని వానికి పేర్లు. మూడవనాడు, మందపోరునాడు, చాపకూడు పెట్టుదురు.