కల్వర్టు కింద సీసా గూడు

జూన్ నెల. కుల్కచర్ల నుంచి పరిగి వెళ్లే దారిలో బండి ఆపావు. రాత్రి వానకు రోడ్డు పక్క గుంత ఇంకా బురదగానే ఉంది. దాని అంచున రెండు పిట్టలు వాలాయి. కదలకు. చూడు.

వీపు నిగనిగలాడే ముదురు నీలం. నడుము మీద ఇటుక రంగు పట్టీ. లేత రంగు పొట్ట మీద సన్నటి గీతలు. తోక రెండుగా చీలి ఉంది. వానకోవెలలే. తీగతోక వానకోవెల అయితే నెత్తి ఎర్రగా, పొట్ట తెల్లగా ఉండేది. మరి గుళ్ల చుట్టూ గుంపుగా తిరిగే నల్లపిట్టో? అది కరెంటు తీగ మీద వాలనే వాలదు, దాని చుట్టరికం హమ్మింగ్‌బర్డ్‌తో. ఇది దర్జాగా వాలుతుంది. పిచ్చుకల వర్గం దీనిది.

ఒక పిట్ట ముక్కున బురద ముద్ద పట్టుకుని కల్వర్టు కిందికి దూరింది. వెళ్తావా? వాగు ఎండే ఉంది. దిగావు.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. తల ఎత్తితే స్లాబుకు అతుక్కున్న మట్టి సీసా, దానికి పక్కకు సాగిన మెడ. ఒక్కో ముద్దా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. పాతవి తెల్లబడ్డాయి, చివరి వరస ఇంకా నల్లగా తడి. పిట్ట కొత్త ముద్దను గడ్డంతో అదుముతోంది. తీగతోకది తెరిచిన సగం కప్పు గూడు. గొంతుచారల వానకోవెలలు పదుల గూళ్లను ఒకదానికొకటి అంటించి కడతాయి. మెడ ఉన్న సీసా అంటే ఇదే, శాస్త్రీయ నామం సెక్రోపిస్ డౌరికా. పాత పుస్తకాల్లో హిరుండో ప్రజాతిలో కనిపిస్తుంది. మన దక్కన్ రకాన్ని 1832లో సైక్స్ అనే పక్షి పరిశోధకుడు వర్ణించాడు.

ఉరుము. పాంబండ గుట్ట వైపు ఆకాశం నల్లబడింది.

పైనుంచి మేకల పిల్లగాడి కేక: "అన్నా, జల్ది రా! వాగొస్తుంది!"

ఇంకో ఫొటో తీద్దామా? చెప్పుల కింద ఇసుక తడిసింది. నీళ్లు మడమ దాటాయి. ఎర్రటి నీళ్లు. ఫోను జేబులో పెట్టు. గట్టు పట్టుకో. మట్టి జారింది. వేరు దొరికింది. లాగు. ఎక్కు.

రోడ్డు మీదున్నావు. కింద వాగు హోరెత్తుతోంది. గూడు మాత్రం స్లాబుకే అంటి ఉంది, వరదకు అందనంత ఎత్తున. పాముకూ పిల్లికీ అక్కడ పట్టు దొరికే చోటు లేదు.

గూటికి భయం మన కర్రతోనే. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఈ గూళ్లలో గుడ్లో పిల్లలో ఉంటాయి. మీ వరండాలోనో కల్వర్టు కిందో కనిపిస్తే, పిల్లలు ఎగిరిపోయేదాకా సున్నం వేయకండి, కర్రతో పొడవకండి.