చేలో చక్రాలు, చెలకలో గుండ్లు



మా అక్కయ్య కొడుకు మొన్న ఆదివారం లాల్‌దర్వాజాలో మా ఇంటికి వచ్చి, ఇంగ్లండు గోధుమ చేలల్లో రాత్రికి రాత్రే ఏర్పడిన చక్రాల ఫొటోలు చూపించాడు. "పిన్నీ, ఇవి వేరే గ్రహంవాళ్ళు వేసినవట!" అన్నాడు.

పాపం, వాడి సరదా నేనే చెడగొట్టాల్సి వచ్చింది. డగ్ బవర్, డేవ్ చోర్లీ అనే ఇద్దరు పెద్దమనుషులు ఆ చక్రాలు తామే వేస్తున్నామని 1991లో ఒప్పుకున్నారు. 1970ల చివరినుంచీ, రాత్రిపూట చేలో దిగి, చెక్కకు తాడు కట్టి కాలితో తొక్కుతూ తిరిగేవారట. "మరి కాడల కణుపులు ఉబ్బి వంగాయే, మట్టిలో ఇనుప రవ్వలు దొరికాయే, అదేమిటి?" అన్నాడు వాడు. పడిపోయిన పైరు ప్రాణమున్నంతసేపూ కణుపు దగ్గర వంగి లేవాలనే చూస్తుంది. గాలివానకు పడిన చేలో మన రైతులు చూసేదీ అదే. అయస్కాంతానికి అంటుకునే సన్నరవ్వలంటారా, మన మేడమీది దుమ్ములోనూ ఉంటాయి.

అసలైన వింత చక్రాలు చూడాలంటే అంతదూరం ఎందుకమ్మా? మన తెలంగాణ చెలకల్లో పెద్దపెద్ద గుండ్లు గుండ్రంగా పేర్చి కనిపిస్తాయి. మా అమ్మగారి ఊళ్ళో వాటిని రాక్షసగుళ్ళు అనేవాళ్ళు. కొన్నిచోట్ల పాండవగుళ్ళంటారు. నిజానికవి గుళ్ళు కావు, సమాధులు. సుమారు 3,000 ఏళ్ళనాడు, మనవాళ్ళు ఇనుము వాడటం నేర్చిన కాలం నుంచి, కొన్ని వందల ఏళ్ళపాటు కట్టినవి. వలయం నడుమ గొయ్యి తీసి, బండలు పెట్టెలాగా నిలబెట్టి, ఎముకలూ కుండలూ ఇనుప పనిముట్లూ పూసలూ ఉంచి కప్పేసేవారు. మనం ఉరుసుకు వెళ్ళే మౌలాలి గుట్ట చుట్టుపక్కల కూడా ఇలాంటివి ఉండేవి. హైదరాబాదు ప్రాంతపు ఈ సమాధుల మీద హంట్ అనే దొర 1924లోనే వ్యాసం రాశాడు.

ఆ కుండల సంగతి చెప్పాలి. లోపల నల్లగా, బయట ఎర్రగా ఉంటాయి. రంగు వేసింది కాదు! కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి అందక నలుపెక్కుతుంది, గాలి తగిలిన బయటివైపు ఎర్రబడుతుంది. కుంపటితో కుస్తీ పట్టిన మనకు ఈ కిటుకు ఇట్టే అర్థమవుతుంది.

ఇంతా తెలిశాక కూడా తెలియనిది చాలా మిగిలింది. కొన్ని సమాధుల్లో నిలువు బండకు గుండ్రంగా కన్నం తొలిచి ఉంటుంది. ఆత్మ వచ్చిపోవడానికా, మళ్ళీ ఎముకలు వెయ్యడానికా? సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తవ్వినప్పుడు సమాధి మూతబండ ఎత్తడానికి పెద్ద క్రేను కావలసివచ్చింది. ఆనాటివాళ్ళు దేనితో ఎత్తారో మరి! కృష్ణ ఒడ్డున ముడుమాల్‌లో నిలువురాళ్ళ మధ్య ఒక రాతిమీద సప్తర్షి మండలంలాగా చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి.రావుగారు వాటిని పరిశీలించారు. 2025లో ఆ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది.

ముడుమాల్‌కు ఆ అదృష్టం పట్టింది. మా ఊరి గుండ్లకు పట్టలేదు. కిందటిసారి వెళ్ళేసరికి చెలకంతా చదును చేసి, సున్నం గీతలు గీసి, ప్లాట్లు వేశారు. గుండ్లేవని అడిగితే పగలగొట్టి కంకర చేశామన్నారు, అదేదో మంచిపని చేసినట్టు. సమాధిలో ఏ కుండ ఎక్కడుంది, తల ఏ దిక్కున ఉంది, పూస ఏ ఎముక పక్కన దొరికింది అనేదే సాక్ష్యం. జె.సి.బి. తిరిగాక ఇంక అడగడానికేముంది? మీ పుట్టిళ్ళ పొలాల్లో ఇలాంటివి ఇంకా ఉంటే కదపనివ్వకండి, పురావస్తు శాఖవారికి ఒక ఉత్తరం రాయించండి.

ఇంతకీ నేను మాత్రం తక్కువ తిన్నానా? చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ ఆటకని ఆ చెలకలోంచి ఒక పెంకు ఏరుకొచ్చి, అంచులు గుండ్రంగా అరగదీసుకున్నాను. ఒకవైపు నలుపు, ఒకవైపు ఎరుపు. ఇప్పటికీ నా కుట్టుపెట్టెలో ఉంది. మావాడు చేతిలోకి తీసుకుని, "ఏ వలయంలోది పిన్నీ?" అన్నాడు. నాకు గుర్తులేదు.