లినక్సులో తెలుగు: ఆ "ఇంతేనా" వెనుక ఇరవై ఏళ్లు

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు తన ల్యాప్‌టాపులో ఉబుంటు ఎక్కించుకుని నా దగ్గరికొచ్చాడు. "అన్నా, ఇందులో తెలుగు వస్తుందా? మా అమ్మకి మెయిలు రాయాలి" అన్నాడు. సెట్టింగ్స్‌లో కీబోర్డు దగ్గరికెళ్లి తెలుగు జతచేసి, సూపర్ మీట, స్పేసు కలిపి నొక్కి, "అమ్మా, బాగున్నావా" అని కొట్టి చూపించా. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "ఓస్, ఇంతేనా!" అని వెళ్లిపోయాడు.

వాడి తప్పేం లేదు. పని చేసే వస్తువు గురించి ఎవరూ ఆలోచించరు కదా. కానీ ఆ "ఇంతేనా" మాత్రం రోజంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. అందుకే ఈ టపా.

తెరమీద తెలుగు సరిగ్గా రావాలంటే నాలుగు కుదరాలి. అక్షరానికో సంకేతం, దానికో ఫాంటు, ఒత్తులూ గుణింతాలూ అతికించే ఇంజను, టైపు చేసే పద్ధతి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా మూడూ దండగే. లినక్సులో ఈ నాలుగూ ఒక్కసారి రాలేదు, ఒక్కరి వల్లా రాలేదు.

ముందు సంకేతాల సంగతి. 1991 ఆగస్టు 25న హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ తన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ప్రకటించాడు. అదే ఏడాది అక్టోబరులో యూనికోడు మొదటి కూర్పు వచ్చింది. అందులో తెలుగుకి 128 గళ్లు కేటాయించారు. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండూ మన భాషలో కలవడానికి మాత్రం పదేళ్లు పైనే పట్టింది.

ఈలోగా మనవాళ్లేం చేశారు? ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు పెట్టారు. డీటీపీ సెంటర్లన్నీ అలాగే నడిచాయి. ఫైలు లోపల ఉండేది ఇంగ్లీషు గజిబిజి, దానిమీద తెలుగు ముసుగు. ఆ ఫాంటుంటే తెలుగు, లేకపోతే సున్నా. పైగా ఒక్కో కంపెనీది ఒక్కో వరస. పేరున్న దినపత్రికల సైట్లు కూడా అంతే. ఆ ఫాంట్లు విండోసును దృష్టిలో పెట్టుకుని చేసినవి కాబట్టి, లినక్సు వాడేవాడికి పొద్దున్నే పేపరు తెరిస్తే పిచ్చిగీతలే. (తర్వాత ఆ పేజీల్ని యూనికోడులోకి మార్చే "పద్మ" అనే పొడిగింత ఫైర్‌ఫాక్సుకి వచ్చింది. దాని పుణ్యమా అని చాలా రోజులు పేపరు చదివాను.)

మా నాన్న 1999లో మా ఊరి చరిత్ర రాశారు. చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎప్పుడు కట్టారు, ఏ ఇంటిపేరు వాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారు, ఇలాంటివన్నీ. అరవై పేజీలు. పక్క టౌనులో ఒక డీటీపీ సెంటర్లో కొట్టించారు. ఆ ఫైలు ఫ్లాపీ నుంచి సీడీకి, సీడీ నుంచి నా హార్డు డిస్కుకి వచ్చింది. ఒక్క బైటు కూడా పోలేదు. కానీ తెరిస్తే ఒక్క ముక్క చదవలేం. ఆ ఫాంటేదో ఎవరికీ గుర్తులేదు. మళ్లీ ఆ విషయానికొస్తా.

రెండోది ఫాంటు. తిరుమల కృష్ణదేశికాచారి గారు పోతన, వేమన అనే యూనికోడు ఫాంట్లు చేసి అందరికీ ఇచ్చేశారు. 2004లో రెడ్ హ్యాట్ వాళ్లు లోహిత్ ఫాంట్లను జీపీఎల్ లైసెన్సుతో విడుదల చేశారు. భారతీయ భాషలు చాలావాటికి ఒక్కో ఫాంటు, అందులో తెలుగూ ఒకటి. 2011లో వాటిని ఓపెన్ ఫాంట్ లైసెన్సుకి మార్చారు. లైసెన్సుల గోల మనకెందుకు అనుకోకండి, అసలు కీలకం అక్కడే ఉంది. ఊరికే ఇచ్చిన ఫాంటుని మనం వాడుకోవచ్చు, అంతే. స్వేచ్ఛగా ఇచ్చిన ఫాంటునైతే ఫెడోరా, డెబియన్ వాళ్లు తమ సీడీలోనే పెట్టి పంచొచ్చు, ఒత్తు తప్పుగా పడితే ఎవరైనా సరిచెయ్యొచ్చు. ఆ కుర్రాడు ఫాంటు ఎక్కడా వెతుక్కోనక్కర్లేకపోవడానికి కారణం ఇదే.

మూడోది అన్నిటికంటే కష్టమైంది. "స్త్రీ" అని రాస్తే లోపల ఉండేవి ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. వీటిని కలిపి ఒక్క అక్షరంగా గియ్యాలి. ఈ పని కోసం గ్నోమ్ వాళ్లు పాంగో అనే లైబ్రరీ మొదలుపెట్టారు. గ్రీకులో "పాన్" అంటే అన్నీ, జపనీసులో "గో" అంటే భాష. 2002 మార్చిలో వచ్చిన జీటీకే 2.0తో అది గ్నోమ్ ప్రోగ్రాములన్నిటికీ అందింది.

అయిపోయిందా? లేదు. కేడీఈది వేరే ఇంజను, ఓపెన్ ఆఫీసుది ఇంకొకటి. ఒకే పదం ఒకచోట సరిగ్గా, ఇంకోచోట ఒత్తు ఊడిపోయి కనిపించేది. ఫైర్‌ఫాక్సు 2 రోజుల్లో మొజిల్లా సైటు నుంచి దించుకున్న కూర్పులో పాంగో ఉండేది కాదు. పంపిణీలు ఇచ్చే కూర్పుల్లో "మోజ్ ఎనేబుల్ పాంగో" అనే వేరియబులుకి 1 ఇస్తే తెలుగు కుదురుకునేది. 2008 జూన్‌లో ఫైర్‌ఫాక్సు 3 వచ్చాక ఆ బాధ తీరింది. చివరికి బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ అనే ఇరాన్ మూలాలున్న ప్రోగ్రామరు హార్ఫ్‌బజ్ అనే ఇంజనుతో ఈ గొడవకి ముగింపు పలికాడు. 2013లో లిబ్రెఆఫీసు 4.1 కూడా లినక్సులో దానికే మారింది. ఇవాళ మీ చేతిలోని ఆండ్రాయిడు ఫోనులో తెలుగు అతికించేదీ అదే. లినక్సు డెస్కుటాపుల్ని ఎవరూ వాడరని వెక్కిరించేవాళ్లకి నేను చెప్పే జవాబు ఇది.

నాలుగోది టైపింగు. ప్రభుత్వం 1986లోనే ఇన్‌స్క్రిప్టు అమరికను ప్రామాణికం చేసింది. కానీ మన ఐటీ జనానికి ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టడమే అలవాటు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్టీఎస్ పద్ధతి యూజ్‌నెట్ రోజుల నుంచీ ఉంది, లేఖినితో అందరికీ చేరింది. లినక్సులో మొదట స్కిమ్ ఉండేది. 2009లో ఫెడోరా 11 నుంచి ఐబస్ వచ్చింది.

ఇవిగాక మెనూల అనువాదం. హైదరాబాదులో 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ, గ్నోమ్, కేడీఈ అనువాదకులు ఎంత పని చేశారో లెక్క కట్టలేం. అందులో చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని రాత్రుళ్లు కూర్చున్నవాళ్లే.

సరే, చరిత్ర చాలు. ఇప్పుడు లినక్సు వాడుతున్నవాళ్లకి పనికొచ్చే నాలుగు ముక్కలు:

1. ఆర్టీఎస్ అలవాటున్నవాళ్లు "ఐబస్-ఎం17ఎన్" ప్యాకేజీ వేసుకోండి. ఆర్టీఎస్, ఐట్రాన్స్, ఇన్‌స్క్రిప్టు, పోతన అమరికలు అన్నీ అందులోనే ఉన్నాయి. కేడీఈ వాళ్లు ఎఫ్‌సీఐటీఎక్స్ 5 కూడా చూడొచ్చు.

2. డెబియన్, ఉబుంటుల్లో "ఫాంట్స్-తెలు" వేస్తే మామూలు ఫాంట్లొస్తాయి. శీర్షికలకి అందమైనవి కావాలంటే "ఫాంట్స్-తెలుగువిజయం" ఉంది.

3. టెర్మినలులో తెలుగు ముక్కలైతే కంగారు పడకండి. అక్కడ ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గడి, మన అక్షరాలు అందులో ఇమడవు. ఫైలు మాత్రం క్షేమమే. ఎడిటరులో తెరిచి చూసుకోండి.

4. తెలుగు పత్రాన్ని పీడీఎఫ్‌గా మాత్రమే దాచుకోవద్దు. అందులోంచి కాపీ చేస్తే చాలాసార్లు అక్షరాలు చెదురుతాయి. మూలం ఓడీటీగానో, మామూలు టెక్స్టుగానో ఉంచుకోండి.

ఇక నాన్న పుస్తకం. ఫైలుతో లాభం లేదని తేలాక ఇంట్లో మిగిలిన ఒక్క అచ్చు ప్రతినీ స్కాను చేశాను. టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రాముకి తెలుగు డేటా కూడా ఉంది. జీఇమేజ్‌రీడర్‌లో పెట్టి పేజీ పేజీ నడిపించా. తప్పులు వచ్చాయి, ముఖ్యంగా ఒత్తుల దగ్గర. నాన్నా నేనూ ఆదివారాలు కూర్చుని దిద్దుతున్నాం, నలభై పేజీలయ్యాయి. మధ్యలో ఆయన "ఈ మాట అప్పుడు తప్పు రాశాన్రా" అని కొత్త సంగతులు చెబుతున్నారు, అవీ చేరుస్తున్నాం.

ఆ అచ్చు ప్రతి కూడా లేకపోయుంటే ఏమీ చెయ్యలేకపోయేవాళ్లం. మీ ఇళ్లలోనూ పాత ఫాంట్లలో ఇరుక్కున్న ఫైళ్లుంటాయి: తాతగారి పద్యాలో, పెళ్లి శుభలేఖో, ఊరి కరపత్రమో. వాటి కాగితాలు దొరుకుతున్నప్పుడే ఒక ఆదివారం కేటాయించండి. ఎక్కడైనా చిక్కుపడితే నన్నడగండి, తెలిసినంత చెబుతా.