ఇంట్లోనే ఊపిరితిత్తుల చెకప్: ఏ మెషీన్ ఏం చెబుతుంది, ఎంతవరకు నమ్మాలి?

కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. ఇప్పుడు బ్లూటూత్‌తో మొబైల్‌కు కనెక్ట్ అయ్యే పీక్ ఫ్లో మీటర్లు, చిన్న స్పైరోమీటర్లు, సెన్సార్ పెట్టిన ఇన్‌హేలర్లు కూడా మార్కెట్లోకి వచ్చాయి. ఆస్తమా (దమ్మా), సీఓపీడీ ఉన్నవాళ్లకు వీటితో మేలే. కానీ ఒక్కో మెషీన్ ఒక్కో సంగతే చెబుతుంది. అది తెలియకుండా వాడితే, ‘నంబర్ బాగానే ఉందిగా’ అనుకుని ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేసే ప్రమాదం ఉంది.

ఆక్సీమీటర్: ఆలస్యంగా మోగే గంట

ఆక్సీమీటర్ వేలి గుండా కాంతిని పంపి, రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని అంచనా వేస్తుంది. ఈ పద్ధతిని 1970ల్లో జపాన్ ఇంజినీర్ టకువో అవోయాగి కనిపెట్టారు. ఆరోగ్యవంతుల్లో సాధారణంగా 95 నుంచి 100 వరకు చూపిస్తుంది. సీఓపీడీ ముదిరినవాళ్లలో కొందరికి డాక్టర్లు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలంటారు. కాబట్టి పక్కింటివాళ్ల నంబర్‌తో మన నంబర్ పోల్చుకోకూడదు. డాక్టర్ చెప్పకుండా ఇంట్లో ఆక్సిజన్ పెంచకూడదు కూడా.

ముఖ్యమైన మాట ఏమిటంటే, ఆస్తమా అటాక్ మొదలైనా ఆక్సిజన్ నంబర్ చాలాసేపు మామూలుగానే ఉండొచ్చు. అది పడిపోయేసరికి పరిస్థితి చేయి దాటుతుంటుంది. మనిషి ఆయాసపడుతుంటే మెషీన్ 97 చూపించినా నిశ్చింతగా కూర్చోవద్దు.

వేళ్లు చల్లబడినా, చేయి కదిలినా, నెయిల్ పాలిష్ ఉన్నా రీడింగ్ తప్పొచ్చు. మెహందీ, ముఖ్యంగా నల్లటిది, దట్టంగా ఉన్నప్పుడు అనుమానం వస్తే మెహందీ లేని వేలికి పెట్టి చూడండి. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో ఈ మెషీన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని అమెరికాలో 2020లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది.

పీక్ ఫ్లో మీటర్: ముందే హెచ్చరించేది

కొన్ని వందల రూపాయలకే దొరికే ఈ గొట్టం, మనం ఎంత వేగంగా గాలి వదలగలమో నిమిషానికి లీటర్ల లెక్కన చూపిస్తుంది. శ్వాసనాళాలు బిగుసుకుంటే ఈ నంబర్ తగ్గుతుంది. చాలాసార్లు ఆయాసం బయటపడక ముందే తగ్గుతుంది. ఆస్తమా ఉన్న ఇంట్లో మొదట కొనాల్సింది ఇదే.

వాడే విధానం ఇది:

1. ముల్లును సున్నా దగ్గర పెట్టి, నిలబడండి లేదా నిటారుగా కూర్చోండి.
2. గుండెల నిండా గాలి పీల్చి, పెదవులు గట్టిగా మూసి, ఒక్క ఊపున ఊదండి.
3. మూడుసార్లు ఊది, అన్నిటికంటే ఎక్కువ వచ్చిన నంబర్ రాసుకోండి. సగటు తీయవద్దు.
4. ఉదయం, సాయంత్రం ఒకే సమయానికి, ఎప్పుడూ అదే మీటర్‌తో చూడండి. కంపెనీ మారితే నంబర్ కూడా కాస్త మారుతుంది.

ఆస్తమా బాగా అదుపులో ఉన్నప్పుడు రెండు, మూడు వారాలు ఇలా చూస్తే వచ్చే అత్యధిక నంబరే మీ ‘పర్సనల్ బెస్ట్’. అందులో 80 శాతం, ఆపైన ఉంటే గ్రీన్ జోన్. 50 నుంచి 80 మధ్య ఉంటే ఎల్లో. 50 కంటే తక్కువైతే రెడ్. ఉదాహరణకు మీ బెస్ట్ 400 అనుకోండి. 320, ఆపైన ఉంటే ఫరవాలేదు. 200 నుంచి 320 లోపు జాగ్రత్త పడాలి, డాక్టర్ ముందే రాసిచ్చిన ప్లాన్ ప్రకారం మందు మార్చాలి. 200 లోపు పడితే రిలీవర్ ఇన్‌హేలర్ తీసుకుని వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి.

పిల్లలు సాధారణంగా ఐదారేళ్లు వచ్చాక సరిగా ఊదగలుగుతారు. వాళ్లు ఎత్తు పెరిగేకొద్దీ బెస్ట్ నంబర్ కూడా మారుతుంది కనుక మధ్యమధ్యలో మళ్లీ చూసుకోవాలి.

స్పైరోమీటర్: డాక్టర్ చేతికి ఉపయోగపడేది

స్పైరోమీటర్ రెండు లెక్కలు చెబుతుంది. మొదటి సెకనులో ఎంత గాలి వదిలారు, మొత్తం ఎంత వదిలారు అని. వీటిని ఎఫ్‌ఈవీ1, ఎఫ్‌వీసీ అంటారు. శ్వాసనాళాలు తెరుచుకునే మందు పీల్చాక కూడా ఈ రెండింటి నిష్పత్తి 0.70 కంటే తక్కువగా ఉంటే, లక్షణాలు కూడా చూసి డాక్టర్లు సీఓపీడీ అని నిర్ధారిస్తారు. ఆ నిర్ధారణ ల్యాబ్‌లో జరగాలి, ఇంటి మెషీన్‌తో కాదు. ఇంట్లో వాడేది జబ్బు తేలినవాళ్లలో మార్పును గమనించడానికి. లంగ్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లు, ఊపిరితిత్తుల మార్పిడి జరిగినవాళ్లు డాక్టర్ సలహాతో ఇలా చూసుకుంటారు.

గట్టిగా ఊదాల్సి ఉంటుంది కాబట్టి ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, కంటి ఆపరేషన్ లేదా పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు, దగ్గులో రక్తం పడుతున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఈ పరీక్ష చేసుకోవద్దు. మౌత్‌పీస్ ఎవరిది వారికే ఉండాలి.

మూడు బంతుల డబ్బాతో పొరబడవద్దు

ఆపరేషన్ తర్వాత, కరోనా తర్వాత ఇచ్చే మూడు రంగుల బంతుల పరికరాన్ని చాలామంది పరీక్ష మెషీన్ అనుకుంటారు. అందులో గాలి పీల్చాలి, ఊదకూడదు. అది ఊపిరితిత్తులకు కసరత్తు మాత్రమే. మూడు బంతులూ లేచాయి కాబట్టి జబ్బు లేదని కాదు.

యాప్‌తో లాభం, చిక్కు

కనెక్టెడ్ మెషీన్ పెద్ద లాభం, నంబర్లు వాటంతట అవే గ్రాఫ్‌గా మారడం. ఊళ్లో ఉన్న అమ్మీ రీడింగ్‌ను గల్ఫ్‌లో ఉన్న కొడుకు చూడొచ్చు, డాక్టర్‌కు పంపొచ్చు. ఇన్‌హేలర్ సెన్సార్ అయితే మందు ఎన్నిసార్లు తీసుకున్నారో లెక్కపెడుతుంది. రిలీవర్ వాడకం పెరుగుతోందంటే జబ్బు అదుపు తప్పుతున్నట్టే.

చిక్కులూ ఉన్నాయి. కంపెనీ ఆపేస్తే యాప్ కూడా పోతుంది. అమెరికాలో 2018 చివర్లో అనుమతి పొందిన టెవా కంపెనీ డిజిటల్ ఇన్‌హేలర్‌ను 2024లో ఆపేశారు. అందుకే యాప్ ఉన్నా నోట్‌బుక్‌లో కూడా రాసుకోండి. ఆరోగ్య వివరాలు ఎవరెవరికి వెళ్తున్నాయో చూసుకున్నాకే పర్మిషన్లు ఇవ్వండి.

రంజాన్‌లో ఎలా?

ఇన్‌హేలర్ వాడితే రోజా ఉంటుందా అన్న విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. మీరు నమ్మే ఆలిమ్‌ను ముందే అడగండి. రోజుకు రెండుసార్లు తీసుకునే కంట్రోలర్ మందును సెహ్రీకి, ఇఫ్తార్‌కు మార్చుకోవచ్చేమో రంజాన్‌కు కొన్ని వారాల ముందే డాక్టర్‌తో మాట్లాడండి. ఆ నెలలో పీక్ ఫ్లో రోజూ చూసుకుంటే ఎవరికి రోజా భారమవుతోందో ముందే తెలుస్తుంది. అటాక్ వచ్చినప్పుడు మాత్రం ఇఫ్తార్ దాకా ఆగవద్దు. రోగులు రోజాను తర్వాతి రోజుల్లో పూర్తి చేసుకునే వెసులుబాటు ఖుర్ఆన్‌లోనే ఉంది.

ఇంట్లో రీడింగ్ తరచూ పడిపోతుంటే కారణం కూడా వెతకండి. లోబాన్, అగర్‌బత్తీ, దోమల కాయిల్, కట్టెల పొయ్యి, సిగరెట్, హుక్కా, లక్క గాజుల పనిలో బొగ్గుల కుంపటి, ఇవన్నీ శ్వాసనాళాలను రేపేవే. ఏ రోజుల్లో నంబర్ తగ్గిందో, ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో పక్కనే రాస్తే చాలాసార్లు కారణం దొరుకుతుంది.

మెషీన్ చూడకుండానే 108కు ఫోన్ చేయాల్సిన సందర్భాలు

వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, ఊపిరికి డొక్కలు లోపలికి లాక్కుపోవడం, మగతగా ఉండటం, రిలీవర్ తీసుకున్నా తగ్గకపోవడం. వీటిలో ఏది కనిపించినా రీడింగ్ కోసం టైమ్ పోగొట్టవద్దు.

దగ్గు రెండు వారాలు దాటితే మాత్రం ఏ ఇంటి మెషీన్‌తోనూ సరిపెట్టుకోవద్దు. అది టీబీ కూడా కావొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో తెమడ పరీక్ష, టీబీ మందులు ఉచితం.